బండి తాళం ఇవ్వకముందే

పక్షవాతం వచ్చి, కోలుకుని ఇంటికొచ్చిన మనిషి మీ ఇంట్లో ఉంటే ఈ పూటే చేయాల్సిన పని ఒకటుంది. బండి తాళం తీసి దాచండి. కాలూ చెయ్యీ ఆడుతున్నా, మాట తడబడకపోయినా, కళ్ల డాక్టరు చూపు బాగుందని చెప్పినా సరే, దాచండి. మెదడుకు రెండు పక్కలా సంగతులు అందుతున్నాయో లేదో పరీక్ష చేయించేదాకా ఆ తాళం ఆయన చేతికి వెళ్లకూడదు. అడిగినా, అలిగినా, అరిచినా ఇవ్వకండి.

ఇంత కటువుగా చెప్పడానికి కారణం ఉంది. మెదడు దెబ్బతిన్నాక వచ్చే ఇబ్బందుల్లో చాలావాటిని రోగే చెబుతాడు. చెయ్యి లేవడం లేదంటాడు, నాలుక మొద్దుబారిందంటాడు, తల తిరుగుతోందంటాడు. ఈ ఒక్కటి మాత్రం చెప్పడు. దాచిపెట్టి కాదు, తెలియక. తన ఎడమవైపు లోకం తనకు అందడం లేదన్న ఎరుక కూడా ఆ అందని సగంతోపాటే పోతుంది. ఫిర్యాదు వచ్చాక చూద్దామనుకునే కుటుంబం దగ్గరికి ఫిర్యాదు రాదు. ప్రమాదమే వస్తుంది.

డాక్టర్లు ఇందులో రెండు రకాలు చెబుతారు. ఒకటి హెమియానోపియా. కంటి నుంచి బయల్దేరిన సంకేతం మెదడు వెనక భాగానికి వెళ్లే దారిలోనో, చేరే చోటో దెబ్బ తగిలితే రెండు కళ్లలోనూ ఒకే పక్క సగం చూపు పోతుంది. ఎడమ కన్ను పోవడం కాదిది. ఏ కన్ను మూసి చూసినా ఎడమ సగం ఉండదు. రెండోది నెగ్లెక్ట్. ఇందులో సంకేతం మెదడుకు చేరుతూనే ఉండవచ్చు, మెదడే దాన్ని లెక్కలోకి తీసుకోదు. ఎక్కువగా కుడి మెదడుకు, అందులోనూ పెరైటల్ భాగానికి రక్తం ఆగినప్పుడు ఇది వస్తుంది. ఎడమ మెదడు ప్రధానంగా కుడివైపునే కనిపెట్టుకుని ఉంటుందనీ, కుడి మెదడు రెండు వైపులా కాపు కాస్తుందనీ ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. ఎడమ మెదడు దెబ్బతింటే కుడిది కొంత సర్దుకొస్తుంది. కుడిది దెబ్బతింటే ఎడమవైపు కాపలా ఉండదు. రెండు లోపాలూ ఒకే మనిషిలో కలిసి ఉండటమూ మామూలే. చూపు మాత్రమే పోయినవాడు కొన్నాళ్లకు తల తిప్పి వెతుక్కోవడం నేర్చుకుంటాడు. నెగ్లెక్ట్ ఉన్నవాడికి తల తిప్పాలన్న ఆలోచనే రాదు.

ఇది కళ్లద్దాలతో సరిచేసే వ్యవహారం కాదని 1978లోనే ఇటలీలో బిసియాక్, లుజ్జాటి అనే ఇద్దరు పరిశోధకులు చూపించారు. కుడి మెదడు దెబ్బతిన్న మిలాన్ వాసులను వాళ్లు ఒక కోరిక కోరారు. ఊళ్లోని పెద్ద చర్చి ముందున్న కూడలిలో, చర్చికి ఎదురుగా నిలబడ్డట్టు ఊహించుకుని, చుట్టూ ఏమున్నాయో చెప్పమన్నారు. కుడివైపు భవనాల పేర్లే వచ్చాయి. తర్వాత చర్చి మెట్ల మీద నిలబడి కూడలి వైపు చూస్తున్నట్టు ఊహించుకోమన్నారు. ఇందాక వదిలేసిన భవనాలు ఇప్పుడు కుడివైపుకు వచ్చాయి, వాటి పేర్లన్నీ చెప్పారు. నిమిషాల ముందు తామే చెప్పినవి ఈసారి మాయం. వాళ్ల కళ్ల ముందు ఏ బొమ్మా లేదు, జ్ఞాపకమే. అందులోనూ ఎడమ సగం లేదు.

పదేళ్ల తర్వాత మార్షల్, హాలిగన్ ప్రచురించిన ఉదంతం ఇంకా విచిత్రం. ఒక రోగికి రెండు ఇళ్ల బొమ్మలు చూపించారు. రెండూ ఒకేలా ఉంటాయి, ఒకదాని ఎడమవైపు మాత్రం మంటలు. తేడా ఏమైనా ఉందా అంటే లేదంది. ఏ ఇంట్లో ఉంటావని అడిగితే ఇదేం పిచ్చి ప్రశ్న అన్నట్టు మాట్లాడుతూనే ఎక్కువసార్లు మంటలు లేని ఇంటినే ఎంచుకుంది. లోలోపల ఎక్కడో సమాచారం అందుతోంది, తెలివిడిదాకా రావడం లేదన్నమాట. తర్వాత వేరే రోగుల మీద చేసిన ప్రయత్నాల్లో ఫలితం అన్నిసార్లూ ఇలాగే రాలేదు కాబట్టి దీని మీద పెద్ద ఆశలు పెట్టుకోకూడదు. లోపల ఎక్కడో అందిన సమాచారం నడిరోడ్డు మీద సమయానికి బ్రేకు వేయిస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

చదువుకున్నవాళ్లు, తెలివైనవాళ్లు తమ లోపం తామే పట్టేస్తారని కొందరి నమ్మకం. అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం డగ్లస్ కన్నా చదువుకున్నవాడు ఎక్కడ దొరుకుతాడు? 1974 డిసెంబరు 31న ఆయన కుడి మెదడుకు స్ట్రోక్ వచ్చింది, ఎడమ కాలూ చెయ్యీ పడిపోయాయి. పక్షవాతం కబురంతా కట్టుకథ అన్నాడాయన. తనతో కలిసి కొండదారుల్లో నడకకు రమ్మని పత్రికలవాళ్లను పిలిచాడు. పడిపోయిన కాలితో ఫుట్‌బాల్ తన్నుతున్నానన్నాడు. చివరికి తీర్పు ఆయన ఒక్క ఓటు మీద తేలే కేసులను తోటి న్యాయమూర్తులు వాయిదా వేయాల్సి వచ్చింది. 1975 నవంబరులో గానీ ఆయన పదవి వదల్లేదు. అది మొండితనమని ఆ రోజుల్లో చాలామంది అనుకున్నారు. లోపం ఉన్నట్టే తెలియకపోవడం ఆ జబ్బులో భాగమని ఫ్రాన్స్ వైద్యుడు బాబిన్‌స్కీ 1914లోనే రాశాడు.

లోపం తెలిసినంత మాత్రాన సరిపోతుందా అంటే అదీ లేదు. ఇటలీ సినీ దర్శకుడు ఫెల్లినీకి 1993లో స్ట్రోక్ వచ్చి ఎడమవైపు నెగ్లెక్ట్ మిగిలింది. ఆయనకు ఆ సంగతి తెలుసు, దాని మీద హాస్యాలూ ఆడేవాడు. జీవితమంతా బొమ్మలు గీసిన చెయ్యి అది. అయినా గీసిన బొమ్మల్లో ఎడమ భాగం అసంపూర్తిగా మిగిలిపోయేది. కాబట్టి "నాకు తెలుసులే, జాగ్రత్తగా నడుపుతాను" అనే మాటకు వైద్యంలో విలువ లేదు.

ఇక మన రోడ్ల సంగతి. మనం ఎడమ పక్కన నడుపుతాం. నడిచి వెళ్లేవాళ్లు, సైకిళ్లు, ఆగిన ఆటోలు, బస్టాపులో రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డ జనం, సర్వీసు రోడ్డులోంచి హైవే ఎక్కే ట్రాక్టరు, ఎడమ నుంచి దూరి ముందుకెళ్లే బైకు కుర్రాడు, అందరూ డ్రైవరుకు ఎడమవైపే ఉంటారు. ఎడమ సగం అందని డ్రైవరుకు వీళ్లెవరూ లేరు. ఎదుటి నుంచి వచ్చే లారీ కుడివైపు ఉంటుంది కాబట్టి దాన్ని చక్కగా తప్పిస్తాడు. పక్క సీట్లో కూర్చున్న కొడుకు అది చూసి, నాన్న నడపడం ఏమాత్రం మారలేదని సంతోషపడతాడు. ఎడమ మెదడు వెనక భాగం దెబ్బతిని కుడి సగం చూపు పోయినవాడికైతే ఎదురొచ్చే బండే కనబడదు. అదింకో రకం ఘోరం.

బండి నడపని పెద్దవాళ్లకు భయం లేదనుకోకండి. రోడ్డు దాటేటప్పుడు మొదటి సగంలో మన మీదికి వచ్చే బండ్లు కుడివైపు నుంచి వస్తాయి. డివైడరు దాటాక ఎడమవైపు నుంచి వస్తాయి. ఎడమ అందని మనిషి మొదటి సగం నింపాదిగా, సరిగ్గా దాటుతాడు. చూసేవాళ్లకు ధైర్యం వస్తుంది. రెండో సగంలోకి అదే నింపాదితనంతో అడుగు పెడతాడు. పొద్దున్నే పాల ప్యాకెట్‌కు, గుడికి, పింఛనుకు ఒంటరిగా పంపేవాళ్లు ఈ రెండో సగం గురించి ఆలోచించాలి. కొన్నాళ్లు ఎవరో ఒకరు తోడు వెళ్లండి, ఆయనకు ఎడమ పక్కన నడవండి.

చట్టం ఏం చేస్తోంది? డ్రైవింగ్ లైసెన్సు దరఖాస్తులో చూపు గురించిన ముఖ్యమైన ప్రశ్న, పట్టపగటి వెలుగులో 25 మీటర్ల దూరం నుంచి కారు నంబరు ప్లేటు గుర్తుపట్టగలరా అన్నది. ఎడమ సగం పోయిన మనిషి కూడా ఆ ప్లేటు అంకె తప్పకుండా చదివి, అవునని నిజాయితీగా సంతకం పెట్టవచ్చు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత 51వ ఏట తీసుకున్న మామూలు లైసెన్సు 60 ఏళ్లు వచ్చేదాకా చెల్లుతుంది. మధ్యలో స్ట్రోక్ వస్తే లైసెన్సు కార్డుకు ఆ సంగతి తెలియదు. జబ్బు వల్లనో వైకల్యం వల్లనో నడపలేని స్థితి ఉంటే లైసెన్సు రద్దు చేసే అధికారం మోటారు వాహనాల చట్టం 16వ సెక్షన్‌లో ఉంది. కానీ చెప్పేవాళ్లు ఉంటేనే కదా అధికారి వినేది. బ్రిటన్‌లో స్ట్రోక్ వచ్చినవాళ్లు కనీసం నెల రోజులు కారు ముట్టకూడదు. చూపులో సగం పోతే లైసెన్సు సంస్థకు తెలియజేసి తీరాలి, రెండు వైపులా కలిపి 120 డిగ్రీల వెడల్పు చూపు ఉందని తేలితేనే మామూలుగా మళ్లీ నడపనిస్తారు. ఇక్కడ అలాంటి కట్టుబాటు వచ్చేదాకా ఆ బాధ్యత ఇంటివాళ్ల మీదా, డిశ్చార్జి కాగితం రాసే డాక్టరు మీదా ఉంది.

తాళం దాచమని పత్రికలో రాయడం తేలిక. ఆ తాళంతోనే పొయ్యి వెలిగే ఆటో డ్రైవరు ఇంట్లో ఈ మాట ఎంత బరువో తెలియక రాయడం లేదు. కిస్తీ కట్టాలి, పిల్లల ఫీజులు కట్టాలి, ఆయన చూస్తే బాగానే తిరుగుతున్నాడు. అయినా ఆ ఆటోలో బడిపిల్లలు ఎక్కుతారు. స్ట్రోక్ వచ్చిన డ్రైవరుకు పరీక్ష, కొన్ని నెలల భరోసా రెండూ ప్రభుత్వం చూడాల్సిన పని అని మా అభిప్రాయం. భరోసా లేకుండా నిషేధం ఒక్కటే పెడితే జబ్బును దాచేవాళ్లే పెరుగుతారు.

ఇంట్లో జరిగేది ఇంకా గుట్టుగా ఉంటుంది. "కూర వెయ్యలేదేం?" అని ఆయన అడుగుతాడు. "పళ్లెంలోనే ఉంది కదండీ, కళ్లెదురుగా!" అంటుంది ఆవిడ. వారం ఇలా గడిచేసరికి చాదస్తమనో, పొగరనో, రోగం వచ్చాక మనిషే మారిపోయాడనో తీర్మానం అయిపోతుంది. ఎడమ చెంప మీద గడ్డం అలాగే ఉంటుంది. చొక్కా ఎడమ చెయ్యి తొడగకుండా వేలాడుతుంది. ఎడమవైపు నుంచి పలకరించిన కోడలికి జవాబు ఉండదు, కుడివైపు కూర్చున్న కొడుకుతో కబుర్లు నడుస్తూనే ఉంటాయి. కోడలు నొచ్చుకోవడంలో వింత లేదు. మీ ఇంట్లో ఇలా ఉంటే పళ్లెం సగం చుట్టు తిప్పి పెట్టండి. మిగిలిన కూర కుడివైపుకు వచ్చి, ఆయన మారు మాట్లాడకుండా తినేస్తే మీకు కావాల్సిన జవాబు దొరికినట్టే. అమెరికాలో ఉన్న పిల్లలకు ఇవేవీ తెలియవు. కుడి మెదడు దెబ్బతిన్నవాళ్లలో చాలామందికి మాట చెక్కుచెదరదు, వీడియో కాల్‌లో నాన్న ఎప్పటిలాగే రాజకీయాలు మాట్లాడతాడు. ఫోన్ చూసి ఆరోగ్యం తేల్చకండి.

ఆడవాళ్ల విషయంలో మరీ జాగ్రత్త కావాలి. స్ట్రోక్ వచ్చి నడవగలుగుతున్న అమ్మ మొదట తిరిగి వెళ్లేది వంటింట్లోకే. రెండు బర్నర్ల పొయ్యిలో ఎడమది వెలుగుతూ మిగిలిపోతుంది. చీర పైట జారేదీ ఎడమ భుజం మీది నుంచే. ఎడమ చేతికి స్పర్శ కూడా తగ్గి ఉంటే కాలుతున్న సంగతి కాలాక కూడా తెలియకపోవచ్చు. పరీక్ష అయ్యేదాకా ఆవిడను ఒంటరిగా పొయ్యి దగ్గర ఉంచకండి. తప్పనిసరైతే ఎడమ బర్నరు వాడొద్దు, చీర బదులు నైటీ నయం.

అంకెలు, అక్షరాలు కూడా ఎడమ అంచున రాలిపోతాయి. సికింద్రాబాద్, నిజామాబాద్, ఆదిలాబాద్ బోర్డులన్నీ చివరి అక్షరాల దగ్గర ఒకటైపోతాయి. 2500 బిల్లు 500గా కనిపించవచ్చు. బీపీ మిషను పైన 180 చూపిస్తే 80 అని చదివి, బీపీ పడిపోయిందని ఆ పూట మాత్ర మానేసే ప్రమాదం ఉంది. మందుల డబ్బా, బీపీ పుస్తకం, బ్యాంకు కాగితాలు కొన్నాళ్లు ఇంకొకరి కంటి కింద నుంచి వెళ్లాలి. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లయితే లేచేముందు ఎడమ బ్రేకు మీరే చూడండి. కుడి బ్రేకు వేసి, ఎడమది మరిచి, లేవబోయి పడి తుంటి విరగ్గొట్టుకునే ప్రమాదం ఈ రోగుల్లో ఎక్కువ. ఎడమ చెయ్యి చక్రంలో పడకుండా ఒళ్లో పెట్టించండి.

ఇదంతా స్ట్రోక్ వచ్చి తగ్గాక. అసలు స్ట్రోక్ ఈ రూపంలోనే రావచ్చన్నది ఇంకా అత్యవసరమైన హెచ్చరిక. నవ్వమని, చేతులెత్తమని, మాట్లాడమని మూడు పరీక్షలు చాలామందికి ఇప్పుడు తెలుసు. మంచిదే. కానీ మెదడు వెనక భాగంలో స్ట్రోక్ వస్తే మూతి వంకర పోకపోవచ్చు, చెయ్యి పడకపోవచ్చు, మాట ముద్దగా రాకపోవచ్చు. హఠాత్తుగా సగం చూపు పోవచ్చు, అంతే. ఉన్నట్టుండి ఎడమవైపు గుమ్మాలకు గుద్దుకోవడం, సగం తలే దువ్వుకోవడం, పేపర్లో వాక్యాల మొదళ్లు దొరకడం లేదనడం, ఇవి మొదలైతే కళ్లజోడు షాపుకో కంటి ఆసుపత్రికో వెళ్లకండి. నూనె మర్దనకు అసలే వెళ్లకండి. 108కు ఫోను చేసి, స్కాన్ ఉన్న ఆసుపత్రికి చేరండి. గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజెక్షన్ ఇవ్వాలంటే లక్షణం మొదలైనప్పటి నుంచి నాలుగున్నర గంటలే గడువు. కొందరిలో గొట్టం పంపి గడ్డను లాగే చికిత్సకు 24 గంటలదాకా అవకాశం ఉంటుంది. కానీ ఎవరిలో ఉందో తేల్చేది ఆసుపత్రే. మనిషి చివరిసారి మామూలుగా ఉన్నది ఎన్ని గంటలకో గుర్తుపెట్టుకుని చెప్పండి.

ఆసుపత్రుల వాళ్లకూ ఒక మాట. స్ట్రోక్ తీవ్రత లెక్కకు ప్రపంచమంతా వాడే ఎన్ఐహెచ్ కొలమానంలో మొత్తం 42 పాయింట్లు. అందులో మాటకు, భాషకు సంబంధించినవి 7 దాకా ఉంటే నెగ్లెక్ట్‌కు ఉన్నవి 2. అంటే అంతే పెద్ద దెబ్బ కుడి మెదడుకు తగిలితే తక్కువ మార్కు వస్తుంది. తక్కువ మార్కు వచ్చిన రోగి త్వరగా ఇంటికి వెళ్తాడు. మాట్లాడుతున్నాడు, నడుస్తున్నాడు అన్న రెండు గీటురాళ్ల మీద డిశ్చార్జి చేసే పద్ధతి మారాలి. పడక దగ్గర నెగ్లెక్ట్‌ను పట్టే పరీక్షకు ఖరీదైన యంత్రం అక్కర్లేదు, కాగితం, పెన్ను, పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలు కూడా దొరకని వార్డులున్నాయని తెలిసే రాస్తున్నాం.

ఇంట్లో మీరు చేయగలిగిందీ ఉంది. తెల్లకాగితం అడ్డంగా పెట్టి, నిండా చిన్న చిన్న గీతలు చెదురుమదురుగా గీసి, అన్నింటినీ కొట్టెయ్యమనండి. ఎడమ అంచు గీతలు మిగిలిపోయాయా చూడండి. ఇంకో కాగితం మీద గుండ్రటి గడియారం గీసి అంకెలు వెయ్యమనండి. పన్నెండు అంకెలూ కుడివైపే ఇరికించారంటే అనుమానం గట్టిదే. ఎదురుగా కూర్చుని, మీ ముక్కునే చూడమని చెప్పి, రెండు పక్కలా చేతులు చాచి వేళ్లు ఆడించండి. ఒక్కో చేయి విడిగా ఆడించినప్పుడు రెండూ చెప్పి, రెండూ ఒకేసారి ఆడించినప్పుడు కుడిది మాత్రమే చెబితే అదీ లోపమే. వీటిలో ఏది తప్పినా న్యూరాలజిస్టు దగ్గరికి వెంటనే వెళ్లాలి. పాసైతే మాత్రం నిశ్చింతగా ఉండకండి. నిశ్శబ్దంగా ఉన్న గదిలో, ఒక్క పని మీద ధ్యాస పెట్టి గట్టెక్కిన మనిషి అలసిపోయినప్పుడు, హారన్ల మధ్య, నాలుగు వైపుల నుంచి బండ్లు వస్తున్న కూడలిలో తప్పవచ్చు. నీటికాసుల అనుమానం ఉన్నవాళ్లకు చేసే విజువల్ ఫీల్డ్ పరీక్ష సగం చూపు పోయిందేమో చెబుతుంది. నెగ్లెక్ట్ తేల్చడానికి అది ఒక్కటే చాలదు. రెండూ అడగండి.

చికిత్స లేదని నిరాశ పడాల్సిన పని లేదు. తల ఎడమకు తిప్పి వెతకడం రోజూ సాధన చేయిస్తారు. చదివేటప్పుడు పేజీ ఎడమ అంచున ఎర్ర గీత గీసి, ఆ గీత కనిపించేదాకా చూపు జరిపి, అక్కడి నుంచి వాక్యం మొదలుపెట్టమంటారు. 1998లో ఫ్రాన్స్‌లో రొసెట్టి బృందం దృశ్యాన్ని కుడికి జరిపే పట్టకం అద్దాలు కొద్దిసేపు పెట్టించి, వేలితో గురి చూపించే సాధన చేయిస్తే అద్దాలు తీశాక ధ్యాస ఎడమకు మళ్లడం గమనించింది. తర్వాతి పరిశోధనల్లో ఫలితాలు ఒకేలా రాలేదు, అయినా కొందరికి మేలు చేస్తోంది. ఇంట్లో మంచినీళ్లు, ఫోను, పిలుపు గంట మొదట్లో కుడివైపే ఉంచండి, అది భద్రత. కబుర్లు మాత్రం మెల్లమెల్లగా ఎడమవైపు నుంచి చెప్పండి, భుజం తట్టి అటు తిప్పుకోండి, అది సాధన.

వీటన్నింటికీ కాలం ముఖ్యం. పోయిన సగం చూపు తనంతట తాను తిరిగొచ్చేది చాలావరకు మొదటి మూడు నెలల్లోనే. నెగ్లెక్ట్ కూడా చాలామందిలో తొలి నెలల్లోనే బాగా తగ్గుతుంది. కాళ్లూ చేతుల కసరత్తు మీదే ఆ నెలలన్నీ ఖర్చుపెట్టి, పండగ వెళ్లాక చూద్దాం, పెళ్లి అయ్యాక చూద్దాం అనుకుంటే ఆ అవకాశం చేజారుతుంది. డాక్టరు రాసిచ్చిన రివ్యూ తేదీ వచ్చే నెలలో ఉంటే, ఈ వారానికి మార్చమని ఇప్పుడే ఫోను చేసి అడగండి.